డైరీ: రోజుకో వాక్యమా, తీరిగ్గా నాలుగు పేజీలా?

పోయిన సంవత్సరం సరిగ్గా ఇదే తారీకున మీ ఊళ్ళో వాన కురిసిందా? ఆ రోజు బళ్ళో ఏ పాఠం జరిగింది? ఏ పండుగ రోజో అయితే తప్ప మనలో చాలామందిమి తెల్లమొహం వేస్తాం. అందుకే కొందరు డైరీ రాస్తారు. రాసేవారిలోనూ రెండు రకాల వాళ్ళున్నారు. ఒకరు రోజూ పడుకోబోయే ముందు ఒకటి రెండు వాక్యాలు రాసి పుస్తకం మూసేస్తారు. ఇంకొకరు బుద్ధి పుట్టినప్పుడు కూర్చుని, మనసులో ఉన్నదంతా పేజీల కొద్దీ రాస్తారు. ఈ రెండింటిలో ఏది మంచిది? జవాబు చెప్పే ముందు మన జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

జర్మనీకి చెందిన హెర్మాన్ ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల జాబితాలను కంఠస్థం చేసి, వాటిని ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో తన మీద తానే పరీక్షించుకున్నాడు. ఫలితాలను 1885లో ప్రచురించాడు. మరుపు ఎప్పుడూ ఒకే వేగంతో సాగదని వాటివల్ల తేలింది. మొదటి గంటల్లో అది చాలా వేగంగానూ, తర్వాత నెమ్మదిగానూ సాగుతుంది. కనుక ఆదివారం తీరిగ్గా రాద్దాంలే అనుకుంటే, అప్పటికే సోమవారం సంగతులు చాలా భాగం జారిపోయి ఉంటాయి.

మరచిపోవడమే కాదు, జ్ఞాపకం మనకు తెలియకుండానే మారిపోతుంది కూడా. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక ఆకాశంలోనే ఛిన్నాభిన్నమై, అందులోని ఏడుగురూ మరణించారు. ఆ వార్త తమకు ఎక్కడ, ఎలా తెలిసిందో మరునాడే ఎమొరీ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థుల చేత రాయించి దాచారు. సుమారు రెండున్నరేళ్ళ తర్వాత వారిలో 44 మందిని మళ్ళీ అవే ప్రశ్నలు అడిగారు. 11 మంది చెప్పిన ముఖ్యమైన వివరాలన్నీ తప్పే! అయినా తప్పు చెప్పినవారిలో చాలామంది తమకు బాగా గుర్తుందనే అన్నారు. మరునాడు రాసిన ఆ కాగితం లేకపోతే వారి తప్పు ఎవరికి తెలిసేది?

ఒక్క వాక్యం చేసే పని

చిన్న డైరీకి రెండు నిమిషాలు చాలు. కాబట్టి అది సాధారణంగా మధ్యలో ఆగిపోదు. ప్రతి వాక్యానికీ తేదీ ఉంటుంది. అందువల్ల ఈ ఏటి లెక్కను పోయిన ఏటి లెక్కతో పోల్చవచ్చు.

జపాన్‌లోని క్యోటో నగరం సంగతే చూడండి. అక్కడ చెర్రీ చెట్లు పూసినప్పుడు వేడుక చేసుకోవడం పాత ఆచారం. రాజాస్థానంలోని వారు, సన్యాసులు తమ దినచర్యల్లో ఫలానా రోజున పూలు బాగా విచ్చాయని రాసుకునేవారు. వాటి కోసం యసుయుకి అవోనో అనే శాస్త్రజ్ఞుడు పాత పుస్తకాలు వెతికి, క్రీ.శ. 812 నుంచి దొరికిన తేదీలను ఒక పట్టికగా కూర్చాడు. శతాబ్దాల పాటు పూలు ఎక్కువగా ఏప్రిల్ నడిమి రోజుల్లో విచ్చేవి. 2021లో మార్చి 26నే విచ్చాయి. అప్పటివరకు పట్టికలో అంత ముందు తేదీ మరొకటి లేదు. వాతావరణం వేడెక్కుతోందనడానికి ఇదొక సాక్ష్యం. రాసినవారికి ఆ ఊహే లేదు. చూసింది చూసినట్టు, తేదీ వేసి రాశారు, అంతే.

పేజీలు చేసే పని

అయితే ఒక్క వాక్యం ‘ఏం జరిగింది’ అని చెబుతుంది గాని, ‘ఎందుకు జరిగింది’ అని చెప్పదు. అది ఆలోచించడానికి చోటు కావాలి.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, సాండ్రా బీల్‌తో కలిసి 46 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేసి 1986లో ప్రకటించాడు. విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. కొందరు మామూలు విషయాలు రాస్తే, కొందరు తమను బాధించిన సంఘటననూ, అప్పటి తమ భావాలనూ రాశారు. ఈ రెండో రకం వారికి రాసిన వెంటనే మనసు మరింత భారమైంది. కానీ తర్వాతి ఆరు నెలల్లో వారు వైద్యం కోసం వెళ్ళడం తగ్గింది. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు ఎన్నో జరిగాయి. మొత్తం మీద మేలు ఉన్నా అది కొద్దిపాటిదేననీ, అందరికీ ఒకేలా ఉండదనీ తేలింది. రాతలో రోజురోజుకూ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ వంటి మాటలు పెరిగినవారికి ఎక్కువ మేలు కలిగిందని పెన్నెబేకర్ గమనించాడు. అంటే ఒకే బాధను తిరగేసి మరగేసి రాస్తే లాభం లేదు, కారణం వెతకాలన్నమాట. మోయలేని బాధ అయితే పుస్తకానికే వదిలేయక పెద్దవాళ్ళతో చెప్పాలి.

రెండూ తెలిసినవారు

మన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మజిలీల మధ్య దూరం, దారి తీరు, సరుకులు దొరికేదీ లేనిదీ ఏ రోజుకారోజు రాసుకున్నాడు. తీరిక దొరికినచోట జనం ఆచారాల గురించి తన ఆలోచనలు విస్తరంగా రాశాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికీ చరిత్రకారులకు ఉపయోగపడుతోంది.

అమెరికాలోని కాంకర్డ్ గ్రామవాసి హెన్రీ డేవిడ్ థోరో 1837 నుంచి 1861 దాకా దినచర్య రాశాడు. అందులో పేజీల కొద్దీ ఆలోచనలున్నాయి, ఏ మొక్క ఏ రోజున మొదట పూసిందో కూడా ఉంది. 2008లో రిచర్డ్ ప్రిమాక్, ఏబ్రహాం మిల్లర్-రషింగ్ ఆ తేదీలను తమ పరిశీలనలతో పోల్చారు. 43 రకాల మొక్కలు థోరో కాలం కంటే సగటున ఏడు రోజులు ముందుగా పూస్తున్నాయని కనుగొన్నారు. థోరో పేజీలు సాహిత్యమైతే, ఆయన తేదీలు విజ్ఞానశాస్త్రానికి పనికివచ్చాయి.

మరి మీరేం చేయాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. ఎదుట చిన్న వాక్యం ఉంటే దాని మీద పెద్ద వ్యాసం ఎప్పుడైనా రాయవచ్చు. కానీ ఈనాడు రాయని తేదీని వచ్చే ఏడు సృష్టించలేం. కనుక ముందు చిన్న డైరీ, దాని మీద పెద్ద రాత.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. రోజూ తేదీ వేసి, ఎండో వానో, కొత్తగా కనిపించినదేదో, మీకు సంబంధించిన ఒక్క సంగతేదో రాయండి. మామిడి పూత, వేప పూత, మొదటి కోయిల కూత, మృగశిర కార్తెలో తొలివాన, ఏదైనా కావచ్చు. వారానికొకసారి ఆ ఏడు వాక్యాలూ చదివి, ‘ఎందుకు?’ అనిపించిన దాని మీద ఒక పేజీ రాయండి. ఒక రోజు తప్పిపోతే ఊహించి నింపకండి, ఖాళీగా వదిలేయండి. ఖాళీ కూడా నిజమే, ఊహ నిజం కాదు. పదేళ్ళపాటు ఇలా రాస్తే, మీ ఊరి వేపచెట్టు గురించి మరెవరి దగ్గరా లేని లెక్క మీ దగ్గర ఉంటుంది.