దంతపు పెట్టె మీది దుఆ

ముస్లిం స్పెయిన్ శిల్పులు మసీదులనూ ప్రాసాదాలనూ తీర్చిదిద్దిన నేర్పుతోనే రాజగృహాల్లో కస్తూరి, కర్పూరం, నగలు దాచుకొనే ఏనుగు దంతపు పెట్టెలనూ బరిణెలనూ చెక్కారు. అట్టి వాటిలో పేరెన్నికగన్నది, నేడు పాంప్లోనా నగరంలోని నవర్రా మ్యూజియంలో ఉన్న లెయిరె పెట్టె.

ఇది హిజ్రీ 395లో (క్రీ.శ. 1004-05) తయారైంది. పొడవు సుమారు 38 సెంటీమీటర్లు. ఎనిమిది రేకుల వలయాలలో కొలువుదీరిన ప్రభువు, వాద్యకారులు, వేట దృశ్యాలు కనిపిస్తాయి. మసీదు అలంకరణలో చోటులేని ప్రాణుల బొమ్మలు దర్బారు వస్తువుల మీద విరివిగా ఉండేవి.

మూత అంచు చుట్టూ కూఫీ లిపిలో శాసనం ఉంది. అల్లాహ్ నామంతో మొదలై, హాజిబ్ (ప్రధాన మంత్రి) అబ్దుల్ మలిక్‌కు శుభాన్నీ, సత్కార్యాల ద్వారా ఆశల సాఫల్యాన్నీ, మరణ ఘడియకు జాప్యాన్నీ కోరుతుంది. పని చేసిన ఫరజ్, అతని శిష్యుల పేర్లు కూడా పెట్టె మీద చెక్కివున్నాయి.

ఆ హాజిబ్ 1008లో మరణించాడు. 1031లో కుర్తుబా ఖిలాఫత్ అంతరించింది. పెట్టె మాత్రం ఉత్తరాన లెయిరె క్రైస్తవ మఠానికి చేరింది. ఇస్లాంను నిరాకరించినందుకు 851లో మరణదండన పొందిన నునీలో, అలోదియా అనే కన్యల అస్థికలను అందులో భద్రపరిచారు. అయినా అరబీ అక్షరాలను ఎవరూ చెరపలేదు. పరమతస్థుల భక్తి నీడలో నిలిచిన ఆ దుఆ నేటికీ స్పష్టంగా చదవవచ్చు.