ఇంటి వాననీరు - ఊరి కాలువ

తొలకరి కురిసిన మరునాడు బెజవాడలో ఏ కాలువ వంతెనపై నిలిచి చూచినను కానవచ్చు దృశ్యమొక్కటియే. తూములనుండి నల్లని నీరు కాలువలో దుముకుచుండును. దానిపై నూనె తెట్టు రంగురంగులుగా మెరయుచుండును. సంచులు, కొబ్బరి బొండములు తేలుచుండును. చూచినవాడు ముక్కు మూసికొని నగరపాలకులను నిందించి ఇంటికి పోవును. ఆ నింద నిరాధారమని మేము చెప్పము. కాని ఆ నీటిలో కొంత తన డాబామీదినుండి, తన వాకిటినుండి వచ్చినదేయని యాతడు తలంపడు. నేడు మేము విచారింపబూనినది ఆ కొంతనుగూర్చియే.

కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట ఏర్పడినది. దానికి బదులుగా 1957లో ప్రకాశము బరాజు వచ్చినది. ఏలూరు, బందరు, రైవసు కాలువలు పట్టణము నడుమగా సాగి డెల్టాకు పోవుచున్నవి. ఈ నీరు పొలములకు మాత్రమే కాదు. దిగువనున్న పల్లెలు పెక్కింటి మంచినీటి చెరువులు నిండుట దీనితోనే. కాలువ కట్టివేయుటకు ముందు చెరువు నింపుకొని, ఆ నీటితో వేసవి గడపు గ్రామములెన్నియో కలవు. మా పాఠకులలో పట్టణమున ఇల్లును, దిగువను పొలమును గలవారు పలువురు. వారు ఇచట వీధిలోనికి విడిచిన నీరే అచట తమ బంధువుల బిందెలకు చేరుచున్నది. చెరువు గట్టున వడపోత యున్నచోట నైనను, ఇసుక బురదను ఆపును గాని, నీట కరగిన రసాయనములను ఆపుటకు ఏర్పడినది కాదు.

వీధికాల్వలో పడినదంతయు ఎచటనో శుద్ధియగునని పలువురి నమ్మకము. శుద్ధి కేంద్రమునకు పోవునది భూగర్భ మురుగు గొట్టములలోని నీరు. వాననీటి కాల్వలోనిది ఉన్నదున్నట్లు కాలువలోనో, బుడమేటిలోనో కలియును. బుడమేరు కొల్లేటికి చేరును. 2024 సెప్టెంబరులో బుడమేటి గండ్లవలన మునిగిన పేటలవారికి ఆ దారి ఎట్టిదో మేము చెప్పనక్కరలేదు.

ఒక్క ఇంటి నీరెంతయని తేలికగా అనుకొనరాదు. నూరు చదరపు మీటర్ల డాబాపై ఒక సెంటీమీటరు వాన పడినచో వేయి లీటర్లు. ఈ ప్రాంతమున ఏటికి సుమారు ఒక మీటరు వాన. అనగా ఒక్క డాబాపై లక్ష లీటర్లు. పూర్వము మండువా లోగిళ్లలో చూరునీటిని గాబులకు పట్టెడివారు; మిగిలినది పెరటిలో అరటిపాదులకు పోయెడిది. మట్టి నీటిని త్రాగెడిది, వడకట్టెడిది. నేడు ప్రహరీకి ప్రహరీకి నడుమ సిమెంటు పరచి, బురద యంటదని సంతోషించుచున్నాము. ఈ తప్పు మేమును చేసినవారమే. అట్టి వాకిట పడిన నీరు అచటి నూనెను, దుమ్మును, కుక్కల మలమును తుడిచికొని క్షణములో వీధి చేరును. తొలి జల్లు నీరే మిక్కిలి చెడ్డది. నెలల మాలిన్యమంతయు దానితో దిగును.

అన్నిటికంటె ముందు సిగ్గుపడవలసిన విషయమొకటి కలదు. సెప్టిక్ ట్యాంకునుండి పొంగు నీటి గొట్టమును రాత్రికి రాత్రి వీధికాల్వకు కలిపిన గృహస్థులు మనలో తక్కువ కారు. భూగర్భ మురుగు గొట్టమున్న వీధిలో దానికే కలుపుకొనవలెను. లేనిచోట ఇంకుడు ఏర్పాటు చేసికొనవలెను. మలజలమును, సబ్బునీటిని తిని పెరుగునది గుర్రపుడెక్క. అది కాలువ నిండినచో చివరి భూములకు నీరందదు. చివరి భూములవారు ఇంజనీరును దూషింతురు. ఆ డెక్కకు ఎరువు వేసినది పట్టణములోని వారి యిల్లే కావచ్చును.

ఇక కారును, మోటారు సైకిలును వీధిలో గాక, పెరటి మన్నుపై కొద్ది నీటితో కడుగవచ్చును. వాడిన ఇంజను నూనెను డబ్బాలో పట్టి, దానిని కొనువారికి అప్పగింపవలెను. రంగుల కుంచెలు కడిగిన నీరు, సిమెంటు నీరు కాల్వలో పోయరాదు. రాలిన ఆకులను కాల్వలోనికి ఊడ్చుటకు బదులు గోతిలో వేసినచో ఎరువగును.

ఇంకుడు గుంత మాటకు వత్తుము. 2002 నాటి నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ఇండ్లలో వాననీటి సంరక్షణ ఏర్పాట్లను కోరుచున్నది. పటములో గుంత చూపి, అనుమతి పొంది, నేలపై త్రవ్వని వారుందురు. త్రవ్వియు కంకర నడుమ పేరిన బురదను ఏండ్లతరబడి తీయనివారుందురు. అంతేకాక, నల్లరేగడిలో నీరు మెల్లగా ఇంకును. కాలువ గట్టున భూజలము పైననే యుండును. అట్టిచోట లోతైన గుంతకంటె, వాకిటిలో కొంత మేర సిమెంటు తీసివేసి, కొంచెము పల్లముచేసి, గడ్డియు చెట్లును పెంచి, డాబా గొట్టమును అటు త్రిప్పుట మేలు. తొలి జల్లు నీటిని బోరుబావిలోనికి ఎన్నడును విడువరాదు.

వేసవిలో కాలువలు కట్టియున్నపుడే ఈ పని ముగించుట మంచిది. డాబా ఊడ్చుటకు ఒక పూట, గొట్టము త్రిప్పుటకు ఒక మేస్త్రీ చాలును.