ఏటికి బట్టలు, వారమునకు నూనె

మన పెద్దలు అంగడిలో కొనిన వస్తువులు బహు స్వల్పము. తిండిగింజలు పొలమునుండి వచ్చెడివి. ఉప్పు, బట్ట, దీపపు నూనె మున్నగువానికే రూకలు కావలసి యుండెను. బట్ట ఏడాది కొకసారి కొనునది, నూనె వారమువారము కొనునది. రెంటికిని ఆధారము వానయే.

మన వల్లూరు గల పావగడ తాలూకా మెట్టప్రదేశము. దీని చుట్టును దాదాపు ఆంధ్రదేశమే. 1947నకు పూర్వము ఇది మైసూరు సంస్థానమునకును, ఆవలి గ్రామములు మదరాసు రాజధానికిని చెందియుండెను. అయినను బేరమునకు ఎల్లలు లేవు. తాలూకావారు పావగడ పేటలోను, సరిహద్దున కావల మడకశిర, హిందూపురములలోను సరకులు కొనుచుండిరి. కచేరిలో కన్నడము, అంగడిలో తెలుగు.

వేరుసెనగ పంట యిల్లు చేరిన పిదపనే బట్టల మాట. పండుగకో, పెండ్లికో మూరలు లెక్కించి గుడ్డ చింపించి, దర్జీచే కుట్టించెడివారు. ఎదిగెడి పిల్లలకు అంచు లోనికి మడచి కుట్టించి, మరుసటి యేడు ఆ కుట్టు విప్పి పొడవు చేసెడివారు. వాన లేని యేడు పాతబట్టకే మాసిక వేసెడివారు.

దీపపు నూనె మొదట కొనునది కాదు. ఆముదపు గింజలను వేయించి, దంచి, నీటిలో కాచి, పైకి తేలిన నూనెను తీసెడివారు. కానుగగింజలను గానుగ కిచ్చి ఆడించెడివారు. దీనికి శ్రమయే వెల. పిమ్మట నాలుగు గ్యాలనుల రేకుడబ్బాలలో కిరసనాయిలు వచ్చెను. వెలుగు హెచ్చెను, శ్రమ తగ్గెను. కాని నూనెకు రొక్కము కావలసివచ్చెను. పల్లెలో రొక్కము పంటకాలముననే కనబడును; చీకటి ప్రతిదినము వచ్చును. అందుచే అణా నూనె, అర్ధణా నూనె చొప్పున సీసాలలో కొనుచు, చేతిలో లేనప్పుడు అప్పు వ్రాయించుచుండిరి. 1942లో బర్మా జపానువారి వశమైనప్పుడు అచటి నూనె రాక నిలిచి కరవు మిక్కుటమయ్యెను.

నూనె తరిగినప్పుడు వంటింటి దీపము ఆర్పుట సాధ్యము కాదు. ముందుగా ఆర్పబడినది పిల్లలు చదువుకొను బుడ్డియే. వాన తప్పిన యేడు చదువును తప్పుచుండెను. ఇది మనము మరువరాని సంగతి.

1957 ఏప్రిలు 1న నయాపైసలు వచ్చినప్పుడు అణాకు 6, నాలుగణాలకు 25 నయాపైసలుగా లెక్క కట్టిరి. నాలుగుమారులు అణా నూనె కొన్నవారు 24 నయాపైసలే ఇచ్చిరి. ఒక్కమారు నాలుగణాల నూనె కొన్నవారు 25 ఇచ్చిరి. పిదప గజము పోయి మీటరు వచ్చెను. గజమునకు రెండు మూరలు, 36 అంగుళములు. మీటరు 39 అంగుళములకు పైచిలుకు. కొత్త కొలతకు అలవాటుపడుటకు ఇంటింట కొంతకాలము పట్టెను.

నేడు వల్లూరు, తిరుమణి, బలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పరిధిలో, రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరములలో, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము కలదు. అది 2018లో ప్రారంభమై 2019లో పూర్తియయ్యెను. పంటల నెండించిన యెండయే యిపుడు దీపములు వెలిగించుచున్నది.

దీపము మారినప్పుడు దానిని గూర్చిన మాటలును మరుగుపడును. బుడ్డి, చిమ్నీ, గానుగ, మూర, అణా అను మాటలు తెలిసిన పెద్దలు మన యిండ్లలో ఇంకను కలరు. విద్యార్థులారా! వారి నడిగి, ఆ మాటలను తెలుగులోను కన్నడములోను వ్రాసియుంచుడు. తలిదండ్రులారా! పిల్లలు అడిగినప్పుడు తీరికగా చెప్పుడు.