నూటికెంత? దేనిలో నూటికి?

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలోను, దానికి ఇరుగుపొరుగైన వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలోను అప్పు పుచ్చుకొనువాడు గాని ఇచ్చువాడు గాని వడ్డీని శాతములలో చెప్పడు. “రెండు రూపాయల వడ్డీ” అనును. నూరు రూపాయలకు అనియు, నెలకు అనియు రెండు నియమములు పైకి పలుకకయే ఆ మాటలో ఇమిడియున్నవి. బడిముఖము చూడని రైతు సైతము వీనిని మరువడు. బ్యాంకువారు పంట ఋణమునకు ఏడు శాతమన్నప్పుడు మాత్రము ఆ మాటలోని కాలము నెల కాదు, సంవత్సరము. ఏడుకంటె రెండు చిన్నది గదా యని ఊరి అప్పువైపు మొగ్గినవాడు ఏటికి నూటికి ఇరువదినాలుగు చెల్లించును. వడ్డీని నెలనెలా అసలులో కలుపుచుపోయినచో ఆ ఇరువదినాలుగు 26.82 అగును. సకాలమున తీర్చినవానికి ప్రభుత్వపు రాయితీతో ఆ ఏడు నాలుగునకు దిగును గనుక అంతరము మరింత పెరుగును. లెక్క తప్పినది కాదు. దేనిమీద, ఎంతకాలమునకు అను ప్రశ్న వేయక అంకెలను పోల్చుటయే తప్పు.

నేడు ఇట్టి లెక్కలు వేయు పట్టిక చిట్టాపుస్తకమునుండి కంప్యూటరు తెరమీదికి, అచటినుండి చేతిలోని ఫోనులోనికి వచ్చినది. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు విసికాల్క్ అను పేర దీనికి శ్రీకారము చుట్టిరి; 1985లో మైక్రోసాఫ్ట్‌వారి ఎక్సెల్ వెలువడినది; గూగుల్ షీట్స్, లిబ్రె ఆఫీస్ కాల్క్ అనునవి ఎవరికైనను ఉచితముగనే లభించుచున్నవి. అన్నింటిలోను పద్ధతి ఒక్కటే. నిలువు వరుసలకు ఆంగ్లాక్షరములును, అడ్డు వరుసలకు అంకెలును గుర్తులు; ఆ రెండును కలిసిన గడికి బి2 అనియో సి5 అనియో పేరు. గడిలో మొదట సమాన చిహ్నము పెట్టి వ్రాసినది ఫార్ములా. ఆంగ్లాక్షరములతో టైపు చేయవలసిన ఆ సూత్రములను ఇచట తెలుగు లిపిలో చూపుచున్నాను.

శాతము మనవారికి క్రొత్త విద్య కాదు. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు చేసిన మహావీరాచార్యుని గణితములో త్రైరాశికమునకు స్థానము కలదు. తెలిసిన మూడు రాశులనుండి తెలియని నాలుగవ దానిని రాబట్టు ఆ విధానమున ఒక రాశిని నూరుగా స్థిరపరచినచో లభించునదే శాతము. భాగమును మొత్తముచేత భాగించుట, దానిని నూటితో హెచ్చించుట: ఇంతే. పట్టికలో రెండవ పని కూడ మనది కాదు. =బి2/సి2 అని వ్రాసి, గడికి శాతపు రూపమును ఎన్నుకొన్నచో యంత్రమే నూటితో హెచ్చించి చూపును. ఈ సంగతి ఎరుగక ముందే 100తో హెచ్చించి, ఆపై శాతపు గుర్తును తగిలించుటవలన 77.66 ఉండవలసిన చోట 7766 కనబడును. మొదలు నేర్చుకొనువారిలో అధికులు తడబడునది ఇచటనే.

గద్వాల చేరువనున్న జూరాల జలాశయమును ఉదాహరణముగా గైకొందము. దాని పూర్తి సామర్థ్యము 9.657 టీఎంసీలు. ఒకనాడు అందులో 7.5 టీఎంసీలు ఉన్నవనుకొన్నచో, బి2లో 7.5, సి2లో 9.657 వ్రాయగా పై సూత్రము 77.66 శాతమని తేల్చును. ఇది సత్యమైన శాతము. అయితే వార్తాపత్రికలలో నీటి మట్టము కూడ ప్రకటింపబడుచుండును. పూర్తి మట్టము 318.516 మీటర్లు. నేటి మట్టము 316 మీటర్లని చదివి, అదే సూత్రములో 316ను 318.516చేత భాగించినచో 99.21 శాతము వచ్చును. జలాశయము దాదాపు నిండినదని ఆ అంకె చాటుచున్నది, నిజమునకు నిండుటకు ఇంకను చాల నీరు కావలెను. ఈ మీటర్లు సముద్రమట్టమునుండి కొలిచినవి, జలాశయపు అడుగునుండి కొలిచినవి కావు. పైగా అడుగు ఇరుకుగను పైభాగము విశాలముగను ఉండుటచేత చివరి రెండు మూడు మీటర్లలోనే మిక్కిలి నీరు పట్టును. సూత్రమున దోషము లేదు, యంత్రమున దోషము లేదు. హారముగా కూర్చుండదగని అంకెను హారముగా కూర్చుండబెట్టుటయే దోషము. ఆయకట్టు రైతు నారు పోయవలెనా వద్దా యని ఆలోచించునప్పుడు ఈ రెండు శాతముల నడుమనున్న వ్యత్యాసము అతని ఏడాది కష్టమునకు సమానమని నా అభిప్రాయము.

అక్షరాస్యత విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడుటకు పూర్వము నడిగడ్డ, వనపర్తి, నాగర్‌కర్నూలు అను ఈ మూడు ప్రాంతములును ప్రధానముగా మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆ ఉమ్మడి జిల్లా అక్షరాస్యత 2001లో 44.41 శాతము, 2011లో 55.04 శాతము. మొదటిదానిని బి2లో, రెండవదానిని సి2లో ఉంచుదము. ఎంత పెరిగినది? =సి2-బి2 అని వ్రాయుదుమా, 10.63 పాయింట్లు. =(సి2-బి2)/బి2 అని వ్రాయుదుమా, 23.94 శాతము. రెండును యథార్థములే. మొదటిది రెండు శాతముల తేడా. రెండవది పాత స్థితిని నూరుగా భావించి చెప్పిన వృద్ధి. తమ కృషి ఘనముగా కనబడవలెనని కోరువారు రెండవదానిని, దానిని తగ్గించి చూపదలచినవారు మొదటిదానిని వాడుకొనవచ్చును. కావున వ్యాసకర్తయైనను అధికారియైనను తాను వాడినది ఏదో పక్కనే చెప్పుట ధర్మము. అక్షరాస్యతలో మరియొక నియమమున్నది: జనాభా లెక్కలలో దీనికి హారము మొత్తము ప్రజలు కారు, ఏడేండ్లు నిండినవారు మాత్రమే. చంటిబిడ్డలను కూడ కలుపుకొని భాగించినచో ఊరి అక్షరాస్యత అకారణముగా పడిపోవును.

నేటి జిల్లాల సరిహద్దులకు సర్దిన 2011 లెక్కలలో జోగులాంబ గద్వాల 49.87, వనపర్తి 55.67, నాగర్‌కర్నూలు 54.38 శాతముగా ఉన్నవి. తెలంగాణలో కడపటి స్థానము గద్వాలది. సగము జనులకు అక్షరము అందని ఆ దశను తలచుకొన్నప్పుడు కలుగు వేదన యేదో వేరు, ఇచట లెక్కకు మరలుదము. మూడు జిల్లాలకు కలిపి ఎంత యని ఎవరైన అడిగినచో మూడింటిని కూడి మూడుచేత భాగించుట చాలమంది చేయు పని, 53.31 వచ్చును. జిల్లాలలో జనసంఖ్య సమానము కాదు: గద్వాల సుమారు 6.10 లక్షలు, వనపర్తి 5.78, నాగర్‌కర్నూలు 8.62. శాతములను బి2 నుండి బి4 వరకును, జనసంఖ్యలను బరువులుగా సి2 నుండి సి4 వరకును ఉంచి =సమ్‌ప్రొడక్ట్(బి2:బి4,సి2:సి4)/సమ్(సి2:సి4) అని వ్రాసినచో 53.40 వచ్చును. ఏడేండ్లు దాటినవారి సంఖ్యనే బరువుగా తీసికొనుట మరింత శాస్త్రీయము. ఇచట తేడా అత్యల్పము, మూడు జిల్లాల శాతములు ఒకదానికొకటి చేరువగా ఉండుటయు, అన్నింటికంటె పెద్దదైన నాగర్‌కర్నూలు శాతము సగటుకు దగ్గరగా ఉండుటయు అందులకు కారణములు. ఎల్లవేళల ఇట్లుండదు. ఇరువదిమంది పిల్లలున్న పాఠశాలలో 90 శాతమును, రెండువందలమంది ఉన్న పాఠశాలలో 50 శాతమును ఉత్తీర్ణులైనచో, రెంటి సగటు 70 అని వ్రాసిన ప్రధానోపాధ్యాయుడు 220 మందిలో 118 మందినే, అనగా సుమారు 53.6 శాతమునే చూడవలసియుండును.

ఆ మూడు జిల్లాల జనసంఖ్యలో ఎవరి వాటా ఎంత? సంఖ్యలు బి2 నుండి బి4 వరకు, మొత్తము బి5లో ఉన్నచో, =బి2/$బి$5 అని వ్రాసి క్రిందికి లాగవలెను; సుమారు 30, 28, 42 శాతములు తేలును. డాలరు గుర్తులు లేకున్నచో తరువాతి వరుసలో హారము బి6కు జారును, అది ఖాళీ గడి, #డివ్/0! అను దోషసూచన వచ్చును. ఆ సూచన మేలే చేయును, ఖాళీకి బదులు అక్కడ మరియొక అంకె ఉండినచో తప్పు నిశ్శబ్దముగా దాగియుండును గదా.

గద్వాల చీరల దుకాణములలో లెక్క మరొక దారి పట్టును. 10,000 రూపాయల చీరకు 20 శాతము తగ్గింపు ఇచ్చినచో 8,000. మరల 20 శాతము పెంచినచో 9,600 మాత్రమే, ఎందుకనగా రెండవమారు హారము మారినది. మొదటి ధరకు మరలవలెనన్న =8000/(1-20%) అని వ్రాయవలెను. పన్ను కలిసిన ధరనుండి పన్నును వేరుచేయుటకు కూడ ఇదే న్యాయము. 5 శాతము జీఎస్టీతో 12,600 అయిన చీరకు అసలు ధర =12600/(1+5%), అనగా 12,000; పన్ను 600. 12,600లో 5 శాతమును తీసి 630 అని బిల్లు వ్రాసినవాడు ముప్పది రూపాయలు తప్పినాడు. నేతగానికి, వ్యాపారికి, కొనువానికి ఆ ముప్పది ఎవరి ముప్పది అను వివాదము అచట మొదలగును.

గ్రామ పంచాయతీ కార్యదర్శులు, మహిళా సంఘముల లెక్కలు వ్రాయు చెల్లెండ్రు, ఉపాధ్యాయులు ఈ పట్టికలను నిత్యము వాడుచున్నారు. వారికి నా విన్నపము ఒక్కటే. శాతపు వరుసకు శీర్షికగా “శాతము” అని మాత్రము వ్రాయక, “ఏడేండ్లు దాటినవారిలో శాతము”, “పూర్తి సామర్థ్యములో శాతము”, “నెలకు నూటికి వడ్డీ” అని హారమును శీర్షికలోనే చేర్చుడు. సూత్రమును ఇతరులు తెరచి చూడునట్లుగా ఉంచుడు; తేలిన అంకెను మాత్రము చేతితో వ్రాసి వదలివేయకుడు.