పేరుపేరునా పిలుపు

రాయచూరు జిల్లాలోని బాళగనూరు ప్రాంతం వరి పొలాల సీమ. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి, ఎడమగట్టు కాలువకు నీళ్ళు వచ్చిన తరవాత కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల రైతులు ఈ జిల్లాకు వచ్చారు. పొలాలు కొని, ‘క్యాంపులు’ అనే చిన్న చిన్న ఊళ్ళు కట్టుకొన్నారు. నాట్ల కాలం వచ్చిందంటే ఇక్కడి ఆడవారికి తీరిక ఉండదు. తెల్లవారకముందే వంట ముగించి మడిలో దిగుతారు. అటువంటి సమయంలో ఆశా కార్యకర్త గడపలో నిలబడి, “ఆస్పత్రికి వచ్చి పరీక్ష చేయించుకో అక్కా” అంటే, “నాకేం జబ్బు లేదు కదమ్మా, రేపు నాటు పని ఉంది” అనే జవాబు వస్తుంది.

ఆ జవాబులో అబద్ధం లేదు. ఆమెకు నొప్పి లేదు, జ్వరం లేదు, పనికి ఆటంకం లేదు. అయినా ఆమెను పరీక్షకు పిలవవలసిందే. జబ్బు లక్షణాలేవీ లేనివారిని వెతికి, పిలిచి, పరీక్షించి, రాబోయే వ్యాధిని ముందే పట్టుకొనే పద్ధతిని స్క్రీనింగు అంటారు. జబ్బు వచ్చినవాడు వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళడం లోకంలో ఉన్న మర్యాద. స్క్రీనింగులో వైద్యమే మనిషిని వెతుక్కుంటూ రావాలి. అందుకే ఇది కష్టమైన పని.

స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు ఈ పద్ధతికి చక్కగా లొంగుతుంది. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలోనే భారతదేశంలో సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది దీనితో మరణించారు. దీనికి మూలం పాపిలోమా అనే వైరస్. ఈ సంగతిని నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ చాలామంది శరీరంలో ప్రవేశిస్తుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా నిలిచి, అక్కడి కణాలను మెల్లమెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సరుగా ముదరడానికి సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. అంతకాలం శత్రువు గుమ్మంలోనే కూర్చొని ఉంటాడన్నమాట. ఆ వ్యవధిలో ఒక్కసారి చూసినా అతణ్ణి పట్టుకోవచ్చు. మారిన కణాలను గడ్డకట్టించి గాని, వేడితో మాడ్చి గాని కొద్ది నిమిషాల్లోనే తొలగించవచ్చు. బాలికలకు వేసే టీకా ఈ వైరస్‌ను అడ్డుకొంటుంది. కాని ఇప్పటి తల్లులు, మేనత్తలు టీకా వయస్సు దాటినవారు. వారికి పరీక్షే దిక్కు.

పరీక్షలు మూడు విధాలు. గ్రీసు దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన పాపనికొలావ్ అనే వైద్యుడి పేర ప్రసిద్ధమైన పరీక్షలో కణాలను గాజు పలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. దీనికి ప్రయోగశాల, ఆరితేరిన కళ్ళు కావాలి. రెండోది చాలా చవక. పలచని ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే ఇంచుమించు వంటింటి వినెగర్ వంటిదాన్ని, పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు. చెడిన చోటు తెల్లబడుతుంది. తగిన శిక్షణ పొందిన నర్సు దీనిని చేయగలదు. ఫలితం వెంటనే తెలుస్తుంది. అయితే చూసే కన్నును బట్టి ఫలితం మారుతుంది. హైదరాబాదు దగ్గరి మేడ్చల్ మండలంలో జరిగిన ఒక పరిశోధనలో ఈ పద్ధతి, వైరస్ పరీక్ష కనిపెట్టిన కేసులలో చాలావాటిని గుర్తించలేకపోయింది. మూడోది ఆ వైరస్ పరీక్షే. ఖర్చు ఎక్కువ, ప్రయోగశాల తప్పదు. కాని తప్పిపోయేవి తక్కువ.

ఏ పరీక్ష మంచిదన్న చర్చకు గట్టి సమాధానం బాళగనూరుకు మరీ దూరం కాని చోటు నుంచే వచ్చింది. ఒకప్పుడు రాయచూరు లాగే హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఉస్మానాబాదు జిల్లా నేడు మహారాష్ట్రలో ఉంది. ఇప్పటి పేరు ధారాశివ్. 1999లో అక్కడి పల్లెలలో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. 30 నుంచి 59 ఏళ్ళ వయస్సుగల 1,31,746 మంది స్త్రీలను ఊళ్ళవారీగా నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులకు పైన చెప్పిన మూడు పరీక్షలలో ఒక్కొక్కటి, అదీ జీవితంలో ఒక్కసారే, చేశారు. నాలుగో గుంపుకు పరీక్ష లేదు. ఎనిమిదేళ్ళ తరవాత లెక్క చూస్తే, పరీక్ష లేని గుంపులో ఈ క్యాన్సరుతో 64 మంది మరణించారు. వైరస్ పరీక్ష జరిగిన గుంపులో 34 మంది. గుంపులు ఇంచుమించు సమానమైనవే. అంటే ఒకే ఒక్క పరీక్ష మరణాలను సుమారు సగానికి తగ్గించింది. 2009లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. నాలుగో గుంపు స్త్రీలకు పరీక్ష చేయకపోవడం న్యాయమేనా అని తరవాత విమర్శలు వచ్చాయి. ఆ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు.

ఈ పరిశోధనలో అంకెల కన్నా గమనించవలసిన విషయం మరొకటి ఉంది. కార్యకర్తలు ముందుగా ఇంటింటికీ తిరిగి, అర్హులైన స్త్రీల జాబితా రాసుకొన్నారు. పేరుపేరునా పిలిచారు. పరీక్షలు పల్లెల దగ్గరే జరిగాయి. దోషం కనిపించినవారికి బార్షీలోని క్యాన్సరు ఆస్పత్రి ద్వారా చికిత్స అందింది. పిలిచినవారిలో దాదాపు నూటికి 80 మంది వచ్చారు.

సాధారణంగా జరిగే వైద్య శిబిరం దీనికి భిన్నం. ఊళ్ళో షామియానా వేస్తారు, మైకులో చెబుతారు, వచ్చినవారిని చూస్తారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. వచ్చినవారు చాలావరకు రోడ్డు పక్కనున్నవారు, తీరిక ఉన్నవారు, ఇదివరకే ఆస్పత్రి తెలిసినవారు. కాలువ చివర క్యాంపులో కూలికి పోయే స్త్రీ రాలేదన్న సంగతి ఎవరికీ తెలియదు, ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు గనుక. ఫిన్లాండు దేశం 1960లలోనే నిర్ణీత వయస్సు గల ప్రతి స్త్రీకీ ఐదేళ్ళకొకసారి ఉత్తరం పంపే ఏర్పాటు చేసుకొంది. అక్కడ ఈ క్యాన్సరు మరణాలు నూటికి 80 వంతులు తగ్గిపోయాయి. మధ్యాదాయ దేశాలలో పరీక్షలు జరగడం లేదని కాదు. జరిగినవి ఎవరికి జరిగాయో, తరవాత ఏమయిందో చెప్పే పుస్తకం లేదు.

ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒక ప్రాంతంలో ముప్పై దాటిన స్త్రీలు వెయ్యిమంది ఉన్నారనుకొందాం. పిలుపు అందినవారు 600, వచ్చినవారు 300, దోషం ఉందేమోనని తేలినవారు 15 అనుకొందాం. ఆ 15 మందిని జిల్లా ఆస్పత్రికి వెళ్ళమని చీటీ రాసి ఇచ్చారు. వెళ్ళినవారు ఐదుగురు. నివేదికలో మాత్రం ‘300 మందికి పరీక్షలు పూర్తి’ అని రాస్తారు. వెళ్ళని పదిమంది విషయంలో ఆ పరీక్ష చేయకపోయినా ఒకటే. పైగా వారికి భయం మిగిలింది. ఎన్ని పరీక్షలు చేశారన్నది కాక, దోషం ఉన్నవారిలో ఎందరికి చికిత్స పూర్తయిందన్నదే కార్యక్రమానికి కొలమానం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యాలు కూడా ఈ దారిలోనివే: నూటికి 70 మంది స్త్రీలకు 35వ ఏట ఒకసారి, 45వ ఏట మరొకసారి మంచి పరీక్ష, దోషం ఉన్నవారిలో నూటికి 90 మందికి చికిత్స.

భారత ప్రభుత్వం 2016లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్లకు ముప్పై ఏళ్ళు దాటినవారిని ఐదేళ్ళకొకసారి పరీక్షించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి, ముప్పై దాటిన ప్రతి ఒక్కరి పేరా ఒక పత్రం నింపాలి. దారి సరైనదే. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఈ గర్భాశయ పరీక్ష చేయించుకొన్నామన్నవారు నూటికి ఇద్దరైనా లేరు.

ఈ కొరత తీర్చడానికి అర్జెంటీనాలోని హుహుయ్ రాష్ట్రం ఒక ఉపాయం చూపింది. వైరస్ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తన ఇంట్లో తానే, చిన్న బ్రష్షుతో తీసి ఇవ్వవచ్చు. 2012లో అక్కడి ఆరోగ్య కార్యకర్తలు కొందరు స్త్రీలకు ఇంటి దగ్గరే ఆ సామగ్రి ఇచ్చారు. మరికొందరిని ఆరోగ్య కేంద్రానికి రమ్మన్నారు. ఇంటి దగ్గర అవకాశం దొరికినవారిలో నూటికి 86 మంది పరీక్ష చేయించుకొన్నారు. కేంద్రానికి రమ్మన్నవారిలో 20 మంది. రెండు చోట్లా స్త్రీలు అలాంటివారే, కార్యకర్తలూ అలాంటివారే. మారింది దూరం, సిగ్గు, ఒక పూట కూలి.

బాళగనూరు వంటి చోట ఈ మూడింటికి తోడు మరికొన్ని ఉన్నాయి. కార్యకర్త పత్రం కన్నడంలో ఉంటుంది. క్యాంపులోని పెద్దావిడకు తెలుగే చదవడం రాదు, కన్నడం మాట్లాడగలదు గాని అంతరంగం చెప్పుకొనేంత కాదు. యాభై ఇళ్ళ ఊళ్ళో ఎవరిని ఆస్పత్రికి రమ్మన్నారో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ‘క్యాన్సరు పరీక్ష’ అన్న మాటే సగం మందిని ఇంట్లో ఉంచేస్తుంది. దోషం కనిపించడమంటే క్యాన్సరు వచ్చినట్లు కాదని ఎవరైనా తెలిసిన భాషలో, తలుపు వేసి, నెమ్మదిగా చెప్పాలి. నాట్లు, కోతలు లేని వారాలు చూసి తేదీ పెట్టాలి. పరీక్ష చేసేది స్త్రీ అయి ఉండాలి. వీలైతే చికిత్స అదే రోజు, అదే చోట జరగాలి. రెండోసారి బస్సెక్కడానికి రెండో కూలి పోతుంది.

కర్ణాటక ప్రభుత్వం 2024 అక్టోబరులో, తెలుగువారు ఎక్కువగా ఉన్న కోలారు జిల్లాలో ‘గృహ ఆరోగ్య’ అనే పథకాన్ని మొదలుపెట్టింది. ముప్పై దాటినవారిని ఆరోగ్య సిబ్బంది ఇళ్ళకు వెళ్ళి చూస్తారు. రక్తపోటు, మధుమేహం, నోటిలోని పుండ్లు గడపలోనే చూడవచ్చు. గర్భాశయ ముఖద్వారాన్ని నర్సు చూసే పరీక్షకు మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళవలసిందే. రేపు నాటు పని ఉందన్న స్త్రీ ఆ కేంద్రానికి ఏ వారం వెళ్ళగలదో కార్యకర్త అడిగి, ఆమె పేరు పక్కన రాసుకొని, ఆ వారం మళ్ళీ ఆ గడపకు రావలసి ఉంటుంది.