మీకు తెలుసా? ఒకప్పటి రెసిడెన్సీ బజారు
హైదరాబాదులోని సుల్తాన్ బజారు అంగళ్ల రద్దీని దాటి కోఠీ వైపు కాలినడకన సాగు పాంథుడు, బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో శామ్యూల్ రసెల్ రూపకల్పనననుసరించి కట్టించిన రెసిడెన్సీ సౌధమును, దాని సమున్నతమైన కొరింథియన్ స్తంభములను, సోపానముల కిరువైపుల గల సింహములను తప్పక దర్శింపవలెను. ఘోషాలో నుండు పత్ని ఖైరున్నిసా చూచి ఆనందించుటకై ఆతడు ఆ సౌధమునకే ఒక చిన్న ప్రతిరూపమును ఉద్యానమున నిర్మింపజేసెనని చెప్పుదురు. పాలరాతి మెట్లకంటె ఆ బొమ్మమేడయే నాకు ముచ్చటగొలుపును. 1857 జూలై 17న తిరుగుబాటు నాయకులైన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల దండు ఎత్తివచ్చినది ఈ రెసిడెన్సీ మీదికే. చుట్టునున్న రెసిడెన్సీ బజారు 1933లో తిరిగి నిజాము వశమై సుల్తాన్ బజారైనది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమను గ్రంథాలయము 1901లో వెలసినదియు ఈ పేటలోనే.