‘విత్‌డ్రా’ – ఒక క్రియాపద పరిశీలన

ఆంగ్లంలో వెనుకకు మరలుట అనే అర్థాన్నిచ్చే క్రియలు పెక్కు ఉన్నాయి. వాటిలో మన విద్యార్థులు తరచుగా వాడేదీ, తరచుగా పొరపడేదీ ‘విత్‌డ్రా’. దానిని గురించి కొంత ముచ్చటింపదలచాము.

‘డ్రా’ అనగా లాగుట. ‘విత్’ అనగా నేడు ‘తో’ అని అర్థం. కాని ఈ పదంలో అది ‘వెనుకకు, దూరంగా’ అనే ప్రాచీనార్థాన్ని నిలుపుకొన్నది. దీని భూతకాలరూపం ‘విత్‌డ్రూ’, మూడవ రూపం ‘విత్‌డ్రాన్’. ‘విత్‌డ్రాడ్’ అనే రూపం లేదు.

బ్యాంకులోని సొమ్మును, నామినేషనును, తొందరపడి పలికిన మాటను విత్‌డ్రా చేస్తాము. అక్కడ కర్మ నేరుగా వస్తుంది. పోటీ నుండి మనమే తొలగినప్పుడు ‘ఫ్రమ్’ చేర్చాలి. మొదటిదానికి తెలుగులో ‘ఉపసంహరించు’, రెండవదానికి ‘వైదొలగు’ సరిపోతాయి. ఉర్దూలో అవి ‘వాపస్ లేనా’, ‘పీఛే హట్‌నా’. పూతలపట్టు రైతు నోట ‘వాపసు’ ఏనాడో తెలుగు మాటైపోయింది.

‘రిట్రీట్’ దీనికి దగ్గరి చుట్టమే గాని, అందులో ఎదుటివాని ఒత్తిడికి వెనుదిరిగే ధ్వని తరచుగా ఉంటుంది. విత్‌డ్రా స్వీయ నిర్ణయాన్ని కూడా తెలుపుతుంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తరువాత గాంధీజీ సహాయ నిరాకరణోద్యమాన్ని ఉపసంహరించారు. గుంటూరు సీమలో పెదనందిపాడు రైతుల పన్నుల నిరాకరణ కూడా ఆ నెలలోనే ఆగింది. ఉద్యమ విరమణకు చరిత్ర గ్రంథాలు వాడే క్రియ విత్‌డ్రాయే. ఋతుపవనాల విషయంలో మాత్రం ఈ భేదం చెల్లదు. నైరుతి తొలగడాన్ని వాతావరణ శాఖ ‘విత్‌డ్రాయల్’ అంటుంది. ఆ పిమ్మట మన చిత్తూరు సీమకు వానలు తెచ్చే కాలాన్ని భూగోళ గ్రంథాలు ‘రిట్రీటింగ్ మాన్సూన్’ అంటాయి.

ఒకమారు ఒక విద్యార్థి ‘ఐ విత్‌డ్రా ద కాలేజ్’ అని రాసిన దరఖాస్తును మా చేతికిచ్చాడు. ‘ఫ్రమ్’ లేనందున కళాశాలనే వెనుకకు లాగుకొంటున్నట్లయింది. ఎర్రసిరాతో ఆ మాట చేర్చి, చిరునవ్వుతో తిరిగి ఇచ్చాము. అతడు నవ్వలేదు. తండ్రి మంచాన పడ్డారనీ, ఇంటి భారం తనదేననీ చెప్పాడు. వాక్యాన్ని దిద్దామే గాని చదవలేదని గ్రహించి సిగ్గుపడ్డాము. రుసుము చెల్లింపుకు గడువు కోరుతూ వేరొక అర్జీ రాయించాము. గడువు లభించింది. అతడు మొదటి దరఖాస్తును విత్‌డ్రా చేసుకొన్నాడు. అచట ‘ఫ్రమ్’ అక్కరలేదు.

కళాశాల వీడదలచిన విద్యార్థులు దరఖాస్తుకు ముందు ఒకమారు మా వద్దకు రావలెనని మా కోరిక. గడువు కోరే అర్జీలను కమిటీ పెద్దలు దయతో పరిశీలింతురని మా నమ్మకం.